నూస్ఫియర్‌ని ‘జ్ఞానావరణం’ అనొచ్చా?

కావలి: శిలావరణం, జలావరణం, వాతావరణం, జీవావరణం ఉండాయి గదా. మనుషుల ఆలోచనంతా కలిసి భూమికి ఇంకో పొర అవుతుందనే నూస్ఫియర్‌ని అదే వరసలో ‘జ్ఞానావరణం’ అంటే సరిపోద్దా, మాష్టారూ?

ఒంగోలు: సరిపోదు. ఆవరణానికి కప్పేసేదనే అర్థమూ ఉంది. అద్వైతంలో మాయకు ఆవరణం (ఉన్నదాన్ని కప్పేది), విక్షేపం (లేనిదాన్ని ఉన్నట్టు చూపేది) అని రెండు శక్తులు. జైనుల జ్ఞానావరణీయ కర్మ జ్ఞానాన్ని కమ్మేసేది. అవి చదివినవాళ్లకు మీ మాట తలకిందులుగా వినబడుద్ది. ‘మనోవరణం’ అసలే వద్దు. మనోభావం, మనోహరం అన్నచోట ‘ఓ’ వస్తుంది గానీ, మనస్ పక్కన ‘ఆ’ ఉంటే రాదు. మేధా + ఆవరణం = మేధావరణం, సవర్ణదీర్ఘం, పేచీ లేదు.

కావలి: అందులోనూ ఆవరణం ఉంది గదా?

ఒంగోలు: ఉంది. కానీ జ్ఞానావరణం లాగా ముందే శాస్త్రాల్లో పాతుకుపోయిన మాట కాదు.

కోవూరు: ‘మేధోమండలం’ బాగుండేది గానీ, 1985 తర్వాత మండలమంటే మనోళ్లకు ఎమ్మార్వో ఆఫీసే.

కందుకూరు: ముందు ఎవరి నూస్ఫియరో తేల్చండి. 1920ల్లో పారిస్‌లో తత్వవేత్త ఎదువార్ లెరువా, తెయ్యార్ ద షార్దాఁ, వెర్నాడ్‌స్కీ ముగ్గురి నడుమ పుట్టిన మాట అది. తెయ్యార్ జెసూట్ ఫాదరీ, శిలాజాల శాస్త్రవేత్త. ఆయన లెక్కలో పరిణామమంతా ఒమేగా బిందువు వైపు, అంటే చైతన్యమంతా ఒక్కటయ్యే చివరి గమ్యం వైపు పోతుంది. వెర్నాడ్‌స్కీ భూరసాయన శాస్త్రవేత్త, ఆయనకా గమ్యం గొడవ లేదు. ఆలోచన శక్తిరూపం కాదే, మరి పదార్థాన్ని ఎట్టా మారుస్తుంది? ఇదీ ఆయన అడిగింది. ప్రకృతిలో విడిలోహంగా దాదాపు దొరకని అల్యూమినియం టన్నులకొద్దీ తయారవడం ఆయన చూపే సాక్ష్యాల్లో ఒకటి.

కోవూరు: మన తీరంలో సాక్ష్యం వెనామీ రొయ్య. 1990ల్లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను దెబ్బకొట్టింది. 2009లో వెనామీ సాగుకు అనుమతి వచ్చింది. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరం. అది ఈదుకుంటూ మన గుంటల్లోకి రాలేదు. రోగాల్లేని తల్లిరొయ్యల్ని తరతరాలుగా ఏరి పెంచే విద్య దాన్ని విమానమెక్కించింది. జీవావరణాన్ని ఆలోచన తిరగరాయడమంటే ఇది. నూస్ఫియర్ అంటే ఇంటర్నెట్టే అనేవాళ్లు ఒకసారి గట్టు మీద నిలబడి చూడాల. చెడు కూడా అదే దారిన వస్తుంది, విత్తనంతో పాటు వైరస్ ఖండాలు దాటినట్టు.

కావలి: తెయ్యార్‌కైతే ‘మనోమయకోశం’ నప్పుద్దేమో?

ఒంగోలు: నప్పదు. తైత్తిరీయోపనిషత్తులో కోశాలు, అంటే పొరలు, ఒక్కో మనిషి లోపలివి, భూగోళానివి కావు. వెర్నాడ్‌స్కీ గురించి రాస్తే మేధావరణం వాడండి. తెయ్యార్‌దైతే నూస్ఫియర్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో అర్థం చెప్పండి.