బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నమూనా: పాత కట్టడాల వివరాలు ఎలా సేకరించాలి?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. జానకంపేట నుంచి బోధన్ వెళ్లే కొమ్మ లైను 1960లలో, మీటర్ గేజ్ కాలంలో ఎలా ఉండేదో అలా 1:87 నిష్పత్తిలో నమూనాగా నిర్మిస్తున్నాను. రెండు పట్టాల మధ్య ఉండే మీటరు వెడల్పు ఆ నిష్పత్తిలో 11.5 మిల్లీమీటర్లవుతుంది కాబట్టి 12 మిల్లీమీటర్ల నమూనా పట్టాలు దాదాపు సరిపోయాయి. చిక్కంతా శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ దగ్గర వచ్చింది. నా వద్ద ఉన్న ఫొటోలన్నీ గేటు వైపు నుంచి తీసినవే; షెడ్ల పొడవు గానీ, పొగగొట్టాల ఎత్తు గానీ వాటిలో తెలియడం లేదు. ఎక్కడ వెతకాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1

కొలతల కన్నా ముందు ఫ్యాక్టరీలో పని ఏ వరుసలో సాగుతుందో తెలుసుకోండి. ఏ కట్టడం దేని పక్కన ఉండాలో ఆ వరుసే చెబుతుంది. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీరు కాలువల్లో పారడం వల్లనే 1937లో ఈ ఫ్యాక్టరీ ఇక్కడ వెలిసింది. నరికిన చెరకు నిలవ ఉంటే అందులోని చక్కెర తగ్గిపోతుంది కనుక దాన్ని దగ్గరి పొలాల నుంచే తేవాలి. అందువల్ల కాటా ముందు బండ్లు బారులు తీరేందుకు విశాలమైన ఆవరణ తప్పనిసరి. గానుగలో మిగిలిన పిప్పే బాయిలర్లకు ఇంధనం కాబట్టి బాయిలర్ హౌసు, పొగగొట్టాలు గానుగకు దగ్గరగా ఉంటాయి. రసాన్ని మరిగించే పాన్లను పై అంతస్తులో అమర్చి పాకం తనంతట తానే కిందికి దిగేలా చేస్తారు, అందుకే ఆ భవనం ఎత్తుగా కనిపిస్తుంది. సైడింగును, అంటే సరుకు ఎక్కించే పక్క పట్టాలను, గోదాముల వెంట వేయడం సమంజసం, ఎందుకంటే వ్యాగన్లకు ఎక్కేవి చక్కెర బస్తాలు.

జవాబు 2

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాగితాల విషయానికి వస్తే, నిజాం కాలపు వార్షిక పరిపాలనా నివేదికల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి. రైల్వే ప్లాన్లను వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966లో. అంటే మీరు ఎంచుకున్న దశాబ్దంలో చాలా భాగానికి ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్ కాదు, బొంబాయి. వీటన్నిటికన్నా నేను ఎక్కువగా నమ్మేది 1960–72 మధ్య అమెరికా ‘కొరోనా’ అనే గూఢచారి ఉపగ్రహాలతో తీసిన చిత్రాలను. 1995లో వాటిపై రహస్య ముద్ర తొలగించారు. మంచి చిత్రం దొరికితే షెడ్ల పొడవును నేరుగా కొలవవచ్చు. ఎత్తు తెలిసిన ఏదైనా కట్టడం నీడతో పొగగొట్టం నీడను పోల్చితే దాని ఎత్తూ లెక్కకు వస్తుంది.

జవాబు 3

గోడల ఎత్తుకు ఇటుకలే కొలబద్ద. అనుమతి తీసుకుని ఆనాటి గోడ ఒకదానిపై పది వరుసల ఎత్తును సున్నంతో సహా కొలవండి, తరువాత ఫొటోలో వరుసలు లెక్కించండి. స్థలం చాలకపోతే గోదాముల పొడవు తగ్గించండి గానీ గానుగ భవనం ఎత్తును, బండ్ల ఆవరణను మాత్రం తగ్గించవద్దు.