‘అషో ఎబి’కి మన మాట ఏది?

నైజీరియాలోని లేగోస్‌లో ఉంటున్నాను. మా ఆఫీసులో ఒకావిడ చెల్లెలి పెళ్లి. నెల ముందే కబురొచ్చింది: పచ్చ లేసు ఐదు గజాలు, తలకు చుట్టుకోడానికి రాగి రంగు గెలె. డబ్బు కట్టి తెచ్చుకోవాలి. ఇక్కడి యోరుబా జాతివాళ్లు దీన్ని ‘అషో ఎబి’ అంటారు. అషో అంటే బట్ట, ఎబి అంటే కుటుంబం. పెళ్లివారు ఎంచిన బట్టనే చుట్టాలు, స్నేహితులు కొనుక్కుని ఎవరికి నచ్చినట్టు వాళ్లు కుట్టించుకుంటారు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు గెలె ఒక్కటే కొనుక్కుంటారు, మగవాళ్లయితే ‘ఫిల’ అనే టోపీ.

అమ్మకు ఫోన్‌లో ‘పెళ్లివారి బట్టలు’ అని చెప్పాను. “ఎంత మంచివాళ్లే, నీక్కూడా బట్టలు పెట్టారా!” అంది. మన దగ్గర బట్టలు పెట్టేది పిలిచినవాళ్లు, ఇక్కడ కొనుక్కునేది వెళ్లేవాళ్లు. ‘కుటుంబ వస్త్రం’ నోట పలకదు. ‘యూనిఫాం’ అందామంటే కుట్టు ఎవరిది వాళ్లదే. మీరైతే ఏమంటారు?

జవాబు: ‘తాను బట్ట’ అంటే ఎలా ఉంటుందండీ? ‘ఆ తాను ముక్కే’ అని మనుషుల్ని అంటూనే ఉంటాం కదా. మాది చీరాల. మా తాతయ్య గుంటమగ్గం మీద నేసిన గళ్ల మద్రాసు రుమాళ్లు నైజీరియాకే వెళ్లేవి.

నా జవాబు: ‘ఆ తాను ముక్కే’ అని ఎక్కువగా తిట్టేటప్పుడే అంటాం, అందుకే మొదట జంకాను. కానీ ఒకే తానులోంచి తలా ఒక ముక్క అన్న భావం ఇంకే మాటలోనూ రాలేదు. నాకిదే నచ్చింది. మీ తాతగారి గళ్ల బట్టను నైజర్ డెల్టాలోని కలబరి వాళ్లు ‘ఇంజిరి’ అంటారండీ, వేడుకలకు నడుముకు చుట్టుకుంటారు.

తెలుగు మాట కావాలనడానికి ఇంకో కారణం ఉంది. ‘ఎబి’లో ఎకారం నోరు బాగా తెరిచి పలకాలి, చివర గొంతు పైకి లేవాలి. లేదంటే అది ఆకలి అవుతుంది. మన లిపిలో రెండూ ఒకేలా రాస్తాం.

దర్జీకి ఇరో, బుబా కుట్టమని ఇచ్చాను, అంటే చుట్టుబట్ట, వదులు రవిక. గెలె మా ఆఫీసు ఆవిడే వచ్చి చుడతానంది. లేసులో మిగిలిన ముక్క అమ్మకు జాకెట్టుకి పంపుతున్నాను, తాను బట్ట అనే చెప్పి.