స్లిథర్‌లింక్‌లో సగం దాకా వచ్చి ఆగిపోతున్నా, ఊహించి గీయడం తప్పదా?

పెన్సిల్‌ముక్క:
సుడోకు మీద మోజు తీరిపోయి రెండు నెలలుగా స్లిథర్‌లింక్ పట్టుకున్నాను (చుక్కలు కలుపుతూ ఒకే ఒక్క మూసిన లూప్ గీయాలి, గడిలోని అంకె దాని నాలుగు వైపుల్లో ఎన్నింటికి గీత వస్తుందో చెబుతుంది). 7×7 దాకా బాగానే లాగాను. 10×10కి వచ్చేసరికి చేతులెత్తేస్తున్నా. నిన్న రాత్రి ఎడమ పైమూలలో 2, దాని కుడి పక్కన 1 ఉంది. ఎటూ తేలక దాన్ని వదిలేసి, మధ్యలో ఒకచోట "ఇలాగే ఉంటుందిలే" అని గీసేశాను. గంట తర్వాత చూస్తే ఒక లూప్ కాదు, రెండు! అదీ పెన్నుతో. సీనియర్లు ఏం చేస్తారు? ఊహించే గీస్తారా?

చుక్కలచీర:
ముందు ఆ పెన్ను దాచేయండి.

మీరు వదిలేసిన మూలలోనే దారి ఉందండీ. మూల చుక్క నుంచి వెళ్లే గీతలు రెండే. లూప్‌కి తెగిన కొసలు ఉండవు కాబట్టి, గీస్తే రెండూ గీయాలి, లేదంటే రెండూ వదిలేయాలి. అంటే ఆ 2కి బయటి వైపులు రెండూ రావాలి, లేకపోతే లోపలి వైపులు రెండూ రావాలి. ఏది వచ్చినా గీత పక్క గడి పైఅంచు మీదుగా సాగక తప్పదు, కావాలంటే రెండు రకాలుగానూ గీసి చూడండి. మీ పక్క గడిలో ఉన్నది 1. ఆ పైఅంచుతోనే దాని కోటా అయిపోయింది, మిగతా మూడు వైపులా ఇంటూలే (గీత రాదని పెట్టే గుర్తు). అంటే మూల గడికి లోపలి వైపు గీత రాదు. ఇక బయటివి రెండూ ఖాయం.

గళ్లనుడి:
పైన చెప్పింది కరెక్ట్. నేనైతే గీతల కంటే ఇంటూలే ఎక్కువ పెడతాను. పక్కపక్కన రెండు 3లు కనిపిస్తే మధ్య గీత, రెండు చివరల గీతలు కళ్లు మూసుకుని గీసేయొచ్చు. మధ్య గీత రెండు కొసల నుంచి అదే దారిలో ముందుకు పోదు, అక్కడ ఇంటూ. ఈ రెండో ముక్క చాలామంది మర్చిపోతారు.

రబ్బరుపొడి:
నాది కొంచెం వేరే పద్ధతి. లూప్ లోపలి గళ్లకు లేతగా పెన్సిల్ రుద్దుతాను. అడ్డ వరుసలో ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్తుంటే నిలువు గీతలు సరిసంఖ్యలోనే తగలాలి. ఆ లెక్కతోనే ఎన్నోసార్లు ఒడ్డున పడ్డాను.

ఊహించడం పాపమేం కాదు, రెండు మూడు అడుగుల్లో తేలిపోయేదైతే మనసులో చూసుకోవచ్చు. గంటసేపు దాని మీదే కట్టుకుంటూ పోతేనే తంటా. ఈ ఆటను 1989లో మొదట అచ్చేసిన జపాన్ పజిళ్ల సంస్థ నికోలీ వాళ్లవి చేత్తో తయారుచేసిన పజిళ్లు. వాటిలో "ఇక్కడి నుంచి రా" అని పిలుస్తున్నట్టే ఉంటుంది.

పెన్సిల్‌ముక్క:
మూల విడిపోయింది! ఎడమ అంచు మీద కిందికి వచ్చిన గీత ఒక 3ని తగిలింది, అక్కడి నుంచి సగం పజిల్ వరుసగా పడిపోయింది. కుడి కిందిమూలలో ఇంకా ఆరు గళ్లు ఉన్నాయి. అవేంటో పెట్టను, ఎవరూ చెప్పొద్దు.