నాలుగైదు యూనివర్సిటీ లైబ్రరీలు కలిసి ఒకే డిజిటల్ కలెక్షన్ పెట్టాలంటే ముందు ఏటి చెయ్యాలండి?

కోటగుమ్మం_లైబ్రరీ:

అందరికీ నమస్కారమండి. మాది విజయనగరం, యూనివర్సిటీ లైబ్రరీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. మా చుట్టుపక్కల నాలుగైదు లైబ్రరీల వాళ్ళం కలిసి, ఉత్తరాంధ్ర మీద ఉన్న పాత పుస్తకాలు, థీసిస్‌లు, కాలేజీ మేగజైన్లు, సావనీర్లు అన్నీ ఒకే చోట వెతుక్కునేలాగ ఒక డిజిటల్ కలెక్షన్ పెడదామనుకుంటున్నాం. మొదటి మీటింగ్ శ్రీకాకుళంలో అయింది. రెండు గంటలూ ఏ స్కానర్ కొనాలి, సర్వర్ ఎవరి క్యాంపస్‌లో ఉండాలి అన్న దాని మీదే గడిచిపోయింది, అసలు ఏ పుస్తకాలు పెడతాం అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

నా బెంగ ఏటంటే, నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట ఇలాగే మొదలెట్టేరు. రెండేళ్ళు కష్టపడి స్కాన్ చేసి ఫైళ్ళన్నీ ఒకే హార్డ్‌డిస్క్‌లో పెట్టేరు, ఆ పని చూసినాయన రిటైరయ్యేక ఆ డిస్క్ మరి తెరుచుకోలేదు. పట్టుకుంటే పొడైపోయే పుస్తకాలని బైండింగ్ విప్పి మరీ స్కాన్ చేసేరు, దాంతో ఇప్పుడు కాగితమూ లేదు ఫైలూ లేదు. వాటిని బీరువాలోంచి తీసి ఇచ్చింది నేనే, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతాది. ఈసారి అలా జరక్కూడదు. ఇలాంటి పని చేసినవాళ్ళెవరైనా ఉంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో చెప్పండి, కాపీరైట్ సంగతి కూడా.

నాగావళి_ఒడ్డు:

మేడమ్, స్కానర్ మాట పక్కన పెట్టండి. ముందు జాబితా. ఎవరి దగ్గర ఏముందో ఒకే షీట్‌లో రాయకుండా ఒక్క పేజీ కూడా స్కాన్ చెయ్యొద్దు, లేకపోతే ఒకే కన్యాశుల్కం మూడు లైబ్రరీల వాళ్ళూ మూడుసార్లు స్కాన్ చేస్తారు. గురజాడ, గిడుగు లాంటి వాళ్ళవి చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పాత పుస్తకాలు స్కాన్ చేసిన ప్రాజెక్టు రోజుల్లోనే స్కాన్ అయిపోయేయి, ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులోనూ నేషనల్ డిజిటల్ లైబ్రరీలోనూ ఓసారి వెతికి చూసుకుంటే మీకు సగం పని తగ్గిపోద్ది. మీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకనివేటో అవి తీయండి. కాలేజీ మేగజైన్లు, శతజయంతి సావనీర్లు, పాత ఎం.ఫిల్ డిసర్టేషన్లు, మీ విజయనగరం సంగీత కళాశాల కచేరీల కరపత్రాలు. ఆ కళాశాల 1919లో పెట్టింది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, అలాంటి చోట కాగితం ముక్క దొరికినా విలువే.

మా శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది కదండీ, 1997లో కథా రచయిత కాళీపట్నం రామారావు గారు, అదే కారా మాస్టారు, పెట్టింది. ఆయన తెలుగు కథ అని ఒక్క గీత గీసుకున్నారు, దాని లోపలికొచ్చేవన్నీ పోగుచేసేరు, పత్రికల్లో పడ్డ కథలతో సహా. మీరూ అలాంటి గీత ఒకటి గీసుకోండి. ఉత్తరాంధ్రకి సంబంధించినవన్నీ అంటే దానికి అంతూపొంతూ ఉండదు.

సర్వర్ గొడవకి నా మాట ఇది. డీస్పేస్ అని డిజిటల్ కలెక్షన్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఎవరిది వాళ్ళే నడుపుకోండి. ఓఏఐ-పీఎంహెచ్ అని 2000 సంవత్సరం తర్వాత నుంచీ ఉన్న పద్ధతి, దాంతో ఒక చోట కూర్చుని అందరి దగ్గర నుంచీ వివరాలు మాత్రం లాక్కోవచ్చు, ఫైలు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంటాది. వివరాలకి డబ్లిన్ కోర్ అన్న పద్ధతిలో పేరు, రచయిత, తేదీ లాంటి 15 గళ్ళు చాలు. స్కాన్ అసలు కాపీలు మాత్రం కనీసం మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి తీరానికి దూరంగా. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, నాలుగేళ్ళ తేడాలో రెండు తుఫాన్లు చూసేం. శ్రీకాకుళంలో ఒకటీ విజయనగరంలో ఒకటీ పెట్టి రెండు కాపీలున్నాయి అనుకుంటే కుదరదు, రెండూ ఒకే గాలికి పోతాయి.

బొబ్బిలి_సిస్టమ్స్:

గురువుగారూ మిగతాదంతా ఒప్పుకుంటాను గానీ ఎవరి డీస్పేస్ వాళ్ళది అన్నది చిన్న కాలేజీలకి పడదు. నేను ఈ పనే చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, అప్‌డేట్లు చేసే మనిషి లేకపోతే ఆర్నెల్లకే అది మూలనపడిపోద్ది. సిస్టమ్స్ మనిషి ఉన్న ఇద్దరు నడపాలి, మిగతావాళ్ళకి అందులో తలో వాటా ఇవ్వాలి. అమెరికాలో 2008లో మొదలైన హాతిట్రస్ట్ కూడా యూనివర్సిటీలన్నీ ఫైళ్ళు తెచ్చి ఒకే చోట పెట్టుకున్నదే కదా. ఎవరు పోయినా మిగతావాళ్ళు నడిపేలాగ ఒక కాగితం రాసుకుని రిజిస్ట్రార్లచేత సంతకాలు పెట్టించండి, అది లేకుండా సర్వర్ కొనొద్దు.

స్టోరేజి లెక్క కూడా ముందే వేసుకోండి. ఏ4 పేజీ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కుదించకుండా కలర్ టిఫ్ ఫైలు తీస్తే దగ్గర దగ్గర 25 ఎంబీ, అంటే 200 పేజీల పుస్తకం 5 జీబీ, దాన్ని మూడు కాపీలు చేస్తే 15. వెయ్యి పుస్తకాలకి ఎంతో మీరే వేసుకోండి, స్కానర్ ఖరీదు దీని ముందు నిలబడదు.

చీపురుపల్లి_స్కాలర్:

నేను లైబ్రరీ మనిషిని కాదండి, వెతుక్కునే మనిషిని. పార్వతీపురం ప్రాంతం మీద పిహెచ్‌డి చేస్తున్నాను. ఆ ఊరు 1950కి ముందు విశాఖపట్నం జిల్లా, 1950 నుంచి శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. ఊరు కదల్లేదు, జిల్లా పేరు మాత్రం నాలుగు. ఒక క్యాటలాగులో ఏ జిల్లా కింద పెట్టేరో తెలీక నేను నాలుగు పేర్లతోనూ వెతుకుతాను, పాత ఇంగ్లీషు పుస్తకాల్లో అయితే శ్రీకాకుళం చికాకోల్, విశాఖ విజగపటం. దయచేసి ఊరి పేరుకి ఒక వేరే గడి పెట్టండి, పాత పేర్లన్నీ దాని కింద రాయండి. మనుషుల పేర్లూ అంతే, గిడుగు రామమూర్తి, రామ్మూర్తి, వేంకట రామమూర్తి అని మూడు రకాలుగా ఉంటే ముగ్గురు వేరువేరు మనుషుల్లాగ చూపిస్తాది.

ఇంకోటి, తెలుగు థీసిస్‌లు చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసినవి. పీడీఎఫ్ తెరిస్తే కంటికి తెలుగే, కాపీ చేస్తే మాత్రం అర్థంకాని గుర్తులొస్తాయి, వెతికితే ఒక్క ముక్క దొరకదు. వాటిని ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే వెతకగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. పాత ముద్రణ పుస్తకాల్లో అరసున్నలూ, బండి ఱలూ, వలపలగిలకలూ ఉంటాయి కదా, బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ వాటి దగ్గర బాగా తడబడతాది, మనిషి దిద్దాల్సిందే. మా స్కాలర్లం దిద్దుతాం, అడగండి.

నాగావళి_ఒడ్డు:

అమ్మా, నలభై ఏళ్ళు క్యాటలాగింగ్ చేసేను, జిల్లా మారితే పాత కార్డుల సంగతేటని నాకు ఎప్పుడూ తట్టలేదు. బాగా చెప్పేవు.

మేడమ్ అడిగిన కాపీరైట్ సంగతి. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. గురజాడ 1915లో, గిడుగు 1940లో పోయేరు కాబట్టి వాళ్ళవి నిస్సంకోచంగా అందరికీ పెట్టొచ్చు. హక్కు ఇంకా ఉన్న పుస్తకమైనా, మీ దగ్గర కాగితం కాపీ ఉంటే, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ భద్రపరచడానికి డిజిటల్ కాపీ చేసుకోవచ్చని 2012 సవరణలో 52వ సెక్షన్‌లో చేర్చేరు. మీ లైబ్రరీలు ఆ మాట కిందకి వస్తాయో లేదో యూనివర్సిటీ లాయరుని అడిగి రాయించుకోండి. అది దాచుకోడానికే సుమండీ, నెట్‌లో పెట్టడానికి కాదు. థీసిస్ మీద హక్కు రాసినవాళ్ళది, కొత్తవి యూజీసీ రూలు ప్రకారం ఎలాగూ శోధ్‌గంగ అన్న దేశవ్యాప్త థీసిస్‌ల సైటుకి వెళ్తున్నాయి, మీరు మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. పాతవాళ్ళకి మాత్రం ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. నేను అడిగినవాళ్ళల్లో కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు, తమ థీసిస్ ఇంకా ఎవరో చదువుతారని తెలిసి ఒకాయన ఫోన్‌లోనే ఏడ్చేరు.

కోటగుమ్మం_లైబ్రరీ:

అందరికీ పేరుపేరునా దండాలండి. వచ్చే మీటింగ్‌కి స్కానర్ కొటేషన్లు పట్టుకెళ్ళను, ఖాళీ షీట్ పట్టుకెళ్తాను. కాలేజీ మేగజైన్లతో మొదలెడదామని అడుగుతాను, అవి ఐదు లైబ్రరీల్లోనూ ఉన్నాయి, ఎక్కడా పూర్తి వరస లేదు, మా దగ్గర లేని సంచిక శ్రీకాకుళంలో ఉండొచ్చు. చీపురుపల్లి అమ్మా, ఆ ఊర్ల పాత పేర్ల పట్టిక నువ్వు మొదలెడతావా? పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లి వరకూ చాలు ముందు.

చీపురుపల్లి_స్కాలర్:

ఆదివారానికి పంపిస్తాను మేడమ్. రాజాం కూడా కలుపుతాను, అది 2022లో శ్రీకాకుళం నుంచి మన జిల్లాకి వచ్చింది.