బూట్ లోడర్ పోతే ఫార్మాటే దిక్కా? ఒకే డిస్కులో రెండు ఓఎస్‌లు పెట్టడమే తప్పా?

బ్రాడీపేట:
మా తమ్ముడి లాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటు (లినక్స్) ఒకే ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయి. మొన్న విండోస్ అప్‌డేట్ అయ్యాక గ్రబ్ మెనూ (ఏ ఓఎస్ తెరవాలో అడిగే ఉబుంటు బూట్ లోడర్ తెర) రావట్లేదు, ఆన్ చేస్తే నేరుగా విండోస్‌లోకి పోతోంది. విజయవాడలో ఒక షాపుకి తీసుకెళ్తే, "లినక్స్ పెట్టుకుంటే ఇంతేనండీ, మొత్తం ఫార్మాట్ కొట్టేసి విండోస్ ఒక్కటే వేస్తాం" అన్నారు. వీడి ఫైనలియర్ ప్రాజెక్టంతా ఉబుంటులోనే ఉంది. ఏం చెయ్యమంటారు? అసలు ఇలా రెండు ఓఎస్‌లు పెట్టే డ్యూయల్ బూటే దండగ అంటున్నారు మా ఫ్రెండ్స్.

పటమట:
దండగే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కాలేజీ ల్యాబులకి విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ చాలు, కాదంటే వర్చువల్ మెషీన్ (విండోస్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది). ప్రాజెక్టు కాపీ చేసుకుని ఉబుంటు తీసెయ్యండి.

అరండల్‌పేట:
తీసెయ్యడం తర్వాత సంగతి, ముందు పోయిందేంటో చూడాలి కదండీ. షాపుల్లో ఇంకా పాత ఎంబీఆర్ బూట్ పద్ధతి రోజుల లెక్కే నడుస్తోంది. అప్పట్లో డిస్కు మొదటి సెక్టార్‌లో, 512 బైట్లలో, ఒక్క బూట్ లోడర్‌కే చోటు. విండోస్ వేస్తే గ్రబ్ చెరిగిపోయేది. యూఈఎఫ్‌ఐ (మెషీన్‌ని లేపే కొత్త తరం బయాస్) వచ్చాక ఈఎస్‌పీ అని బూట్ ఫైళ్ళకే ఫ్యాట్32 పార్టిషన్ ఒకటి ఉంటుంది, అందులో విండోస్‌కి ఓ ఫోల్డరు, ఉబుంటుకి ఓ ఫోల్డరు. అప్‌డేట్ తర్వాత మెనూ రాలేదంటే చాలాసార్లు ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. మదర్‌బోర్డు మెమరీలో రాసుకున్న వరసలో విండోస్ బూట్ మేనేజర్ పైకి ఎక్కి కూర్చుంటుంది, అంతే.

బ్రాడీపేట గారూ, ఆన్ చేస్తూనే డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ అయితే ఎస్కేప్ నొక్కుతూ ఉండండి. వచ్చిన లిస్టులో 'ఉబుంటు' అని ఉందా చూడండి. ఉంటే దాంట్లోంచి తెరిచి, తర్వాత బయాస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి దాన్ని మొదటికి జరపండి. లేకపోతేనే లైవ్ పెన్‌డ్రైవ్ (ఉబుంటుని పెన్‌డ్రైవ్ నుంచే నడిపేది), బూట్ రిపేర్ అనే టూల్ వగైరా.

బయాస్‌లో చెయ్యి పెట్టేముందు ఒక్క పని. విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటికి డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ మనకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగ్ మారితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ కీ కాగితం మీద రాసుకోండి. అడిగినప్పుడు అది దొరక్కపోతే మాత్రం విండోస్ వరకు నిజంగానే ఫార్మాటే గతి కావచ్చు.

కృష్ణలంక:
ఎందుకొచ్చిన తంటా, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న బూట్ లోడర్లనే నడవనిచ్చే సెట్టింగ్) ఆపేస్తే సగం గొడవలు పోతాయి. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్‌కి ఎంతమంది లినక్స్ ఆగిపోయిందో మర్చిపోయారా? 'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అని చూపించి మెషీన్ దానంతటదే ఆగిపోయేది. డ్యూయల్ బూట్ ఉన్నవాళ్ళ జోలికి రామని మైక్రోసాఫ్ట్ వాళ్ళన్నారు, వచ్చారు. పూర్తిగా సర్దింది 2025 మేలో. అప్పట్నుంచి నేను ఆపేసే వాడుతున్నా.

అరండల్‌పేట:
అది వేరే జబ్బండీ. అక్కడ మెనూ దాకా కూడా పోదు, వీళ్ళకి విండోస్ శుభ్రంగా వస్తోంది. పైగా తప్పంతా మైక్రోసాఫ్ట్‌దే అంటే ఎలా? గ్రబ్‌లో 2022లో బయటపడ్డ లొసుగు ఉన్న పాత వెర్షన్లను ఆపడానికే ఆ అప్‌డేట్. డ్యూయల్ బూట్‌ని సరిగ్గా గుర్తుపట్టలేకపోవడం వాళ్ళ తప్పు, ఒప్పుకుంటా. అలా ఆగితే సెక్యూర్ బూట్ ఆపి, ఉబుంటులోకి వెళ్ళి ఆ ఎస్‌బ్యాట్ పాలసీ (పాత బూట్ లోడర్లను ఆపే జాబితా) చెరిపి, షిమ్ (గ్రబ్‌కి ముందు నడిచే చిన్న లోడర్) అప్‌డేట్ చేసుకుని మళ్ళీ ఆన్ చెయ్యాలి. శాశ్వతంగా ఆపేసుకోవడం దేనికి? విండోస్ 11లో వాలరెంట్ ఆడేవాళ్ళకి అది ఆపితే గేమే తెరుచుకోదు.

కృష్ణలంక:
నేను గేములు ఆడనండీ.

లక్ష్మీపురం:
రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టించుకోండి, విండోస్ దానిది, ఉబుంటు దీనిది. ఇంకెవరూ ఎవరి జోలికీ పోరు.

అరండల్‌పేట:
పోరనుకుంటాం. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కి ఒక పాడలవాటు ఉంది: బూట్ లోడర్ రెండో డిస్కులో వెయ్యమని మనం చెప్పినా, తీసుకెళ్ళి మొదటి డిస్కు ఈఎస్‌పీలో పడేస్తుంది. రెండు డిస్కులు ఉన్నాయి కదా అని ధీమాగా విండోస్ డిస్కు పీకితే ఉబుంటు కూడా లేవదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డిస్కు ఊడదీసి, అయ్యాక తిరిగి పెట్టేవాళ్ళకి మీ సలహా నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. అదీ డెస్క్‌టాప్‌లో. పల్చటి లాప్‌టాప్‌ల్లో చాలావాటికి ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ ఒక్కటే కదండీ.

బ్రాడీపేట:
అన్నా, ఎఫ్12 కొడితే ఉబుంటు ఉంది! కీ రాసుకుని వరస మార్చాం, గ్రబ్ వచ్చింది, ప్రాజెక్టు క్షేమం. కాకపోతే ఉబుంటు వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది. ఇదీ బూట్ లోడర్ పనేనా?

అరండల్‌పేట:
కాదు. బోర్డు మీది గడియారంలో ఉబుంటు యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమనుకుని చదువుతుంది. ఉబుంటులో లోకల్ టైమ్ వాడమని ఒక్క కమాండ్ కొడితే సరిపోతుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంచేది) కూడా తీసెయ్యండి, లేకపోతే ఉబుంటులోంచి సీ డ్రైవ్‌లో ఏదీ రాయనివ్వదు.

పటమట:
చూశారా, ఒకటి సర్దితే ఇంకోటి. డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఈ టైము గోల ఉండదు.

బ్రాడీపేట:
మావాడి ర్యామ్ 8 జీబీయే అండీ. వర్చువల్ మెషీన్ తెరిస్తే బ్రౌజర్ మూసుకోవాల్సొస్తోంది. డ్యూయల్ బూటే ఉంచుతున్నాం.