స్టీరింగు తిప్పితే ఎడమ చక్రం పైన ‘టంగ్’ మని శబ్దం – దయచేసి ఎవరైనా చెప్పండి

నాగావళి ఒడ్డు, రాయగడ (రాత్రి 10.40)

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను, ఇప్పటికి నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించాను. బండి ఎత్తు తగ్గించే స్ప్రింగులు నాలుగూ ఇంటి వాకిట్లోనే వేశాను. బండి చక్కగా కిందికి దిగింది, నేను కోరుకున్నట్టే ఉంది. కానీ నిలిచిన చోట స్టీరింగు తిప్పితే ముందు ఎడమ చక్రం పైనుంచి ‘టంగ్’ మని ఇనుప శబ్దం వస్తోంది. కుడివైపు లేదు. బోల్టులన్నీ బిగించాను, ఒక్కొక్కటీ మళ్లీ చూసుకున్నాను. వీడియోలో చూపించినట్టే చేశాను. ఎల్లుండి పార్వతీపురంలో పెళ్లి ఉంది, ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాలి. మెకానిక్కుకు చూపించమని మాత్రం చెప్పకండి, ఆ సలహా పొద్దుటి నుంచి ఇంట్లో వింటూనే ఉన్నాను. కారణం తెలిసినవారు చెప్పండి.

గుణుపురం

ఏ బండి? ఏ సంవత్సరం? ఎంత దిగింది?

నాగావళి ఒడ్డు

స్విఫ్ట్, 2018. స్ప్రింగుల పెట్టె మీద 35 మిల్లీమీటర్లు అని ఉంది. అయినా ఏ బండైతే ఏమిటండీ, శబ్దం ఒకవైపే వస్తోందని చెప్పాను కదా.

గుణుపురం

బండిని బట్టే జవాబు. పై నట్టు నుంచి కిందికి ఏ ముక్క తరువాత ఏది పెట్టారో వరుసగా రాయండి.

కోరాపుట్ ఘాట్

తమ్ముడూ, శబ్దం సంగతి తరువాత. అసలు ఈ పని ఎందుకు చేశావు? నేను ఇరవై ఏళ్లుగా సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, సాలూరు మధ్య తిరుగుతున్నవాణ్ణి. నీ బండికి ఫ్యాక్టరీ కమాన్ల మీద నేలకూ అడుగుకూ మధ్య ఉండే ఎత్తు 163 మిల్లీమీటర్లు. అందులోంచి 35 తీసేస్తే 128. రోడ్డు మీద స్పీడు బ్రేకరు నియమం ప్రకారం కట్టినా 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అది కూడా 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేచి దిగేలా ఉంటేనే. మన ఊళ్లలో కట్టేవి అలా ఉంటాయా? ఒక జానెడు వెడల్పున గోడలా పోస్తారు. ఐదుగురు కూర్చుని సామాను వేసుకుంటే బండి ఇంకా దిగుతుంది. పెళ్లికి వెళ్లే దారిలో సైలెన్సరు పైపు ఎక్కడో ఒకచోట తగలక మానదు. వానాకాలం దాటిన ఘాట్ రోడ్డులో గుంత అంచు ఎంత పదునుగా ఉంటుందో నీకు తెలియనిది కాదు. నా మాట విని పాతవి తిరిగి వేసెయ్.

జయపురం

దీనిలో చట్టపరమైన సంగతి ఒకటి ఉంది. దాన్ని ఎవరూ ప్రస్తావించకపోవడం బాధగా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీదే తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. దాని నాలుగో ఉపసెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట చూసేది కూడా ఇలాంటి మార్పులనే. మీ రోడ్డు రాష్ట్రం సరిహద్దు దాటుతుంది. రెండువైపులా తనిఖీ ఉంటుందని గుర్తుంచుకోండి.

కోరాపుట్ ఘాట్

వకీలుగారూ, రిజిస్ట్రేషన్ పత్రంలో కమాను ఎత్తు ఎక్కడ రాస్తారు? నేను వద్దంటున్నది రోడ్డు కోసం. మీరు పత్రం కోసం అంటున్నారు. రెండూ ఒకటి కావు.

జయపురం

పత్రంలో ఎత్తు లేకపోవచ్చు. తయారీదారు ఆమోదం తీసుకున్న నమూనాలో సస్పెన్షన్ ఉంటుంది. అధికారి దాన్నే అడుగుతారు.

పర్లాకిమిడి మాస్టారు

చర్చ మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. కోరాపుట్ సోదరులు రెండుసార్లు ‘కమాను’ అన్నారు. కారు ముందు చక్రం దగ్గర ఉండేది కమాను కాదు. కమాన్ అంటే పారసీకంలో విల్లు. లారీ కింద ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులా వంచి కడతారు, దానికి ఆ పేరు సరిగ్గా సరిపోతుంది. చుట్టలు చుట్టిన తీగకు విల్లు పేరు ఎలా వస్తుంది? దాన్ని చుట్ట స్ప్రింగు అనాలి. అలాగే అందరూ ‘షాకబ్జార్బర్’ అంటున్న గొట్టం కుదుపును మింగేది కాదు. గుంతలో పడిన దెబ్బను మింగేది స్ప్రింగే. ఆ తరువాత స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఊపును అణచేది గొట్టం. అందుకని దానికి ‘ఊపు అణచేది’ అనే అర్థం వచ్చే పేరు ఉండాలి. పేరు తప్పితే ఆలోచన తప్పుతుంది, ఆలోచన తప్పితే పని తప్పుతుంది.

కోరాపుట్ ఘాట్

మాస్టారూ, మా నాన్నగారి లారీ రోజుల నుంచీ మా ఇంట్లో రెండూ కమాన్లే. గ్యారేజీలో ‘చుట్ట స్ప్రింగు’ అని అడిగితే నా ముఖం చూస్తారు.

నాగావళి ఒడ్డు

పేరు ఏదైనా సరే, నా శబ్దం గురించి ఎవరైనా చెప్పండి. రాత్రి పన్నెండవుతోంది.

గుణుపురం వారు అడిగిన వరుస: నట్టు, దాని కింద రబ్బరు మౌంటు, దాని కింద స్ప్రింగు కూర్చునే పై పళ్లెం, స్ప్రింగు, షాకబ్జార్బర్. లోపల కడ్డీ మీద బంప్ స్టాపు (స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే మెత్తని ముక్క), దుమ్ము తొడుగు ఉన్నాయి. ఇంకేమీ లేదు.

గుణుపురం

బేరింగు ఎక్కడ?

బరంపురం షెడ్డు

గుణుపురం వారు సరైన చోట వేలు పెట్టారు. తమ్ముడూ, స్ట్రట్ మొత్తం, అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన కూర్పు, చక్రంతో పాటు తిరుగుతుంది. పైన మౌంటు బాడీకి బిగించి ఉంటుంది, అది తిరగదు. తిరిగేదానికీ తిరగనిదానికీ మధ్య కంకణంలాంటి ఒక సన్నని బేరింగు ఉండాలి. అది లేకపోతే పళ్లెం మౌంటును పట్టుకుని ఉండిపోతుంది. స్టీరింగు తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడుతుంది, ఒక స్థాయి దాటాక ఒక్కసారిగా జారుతుంది. నీకు వినిపిస్తున్న ‘టంగ్’ అదే. స్టీరింగు బరువుగా ఉందా? మలుపు తరువాత వదిలేస్తే దానంతట అది నడుమకు వస్తోందా? బానెట్ ఎత్తి రెండు వైపులా పైనుంచి, చక్రం సందులోంచి ఫోటోలు తీసి పెట్టు.

ఇంకొక మాట. పాత స్ప్రింగులను దేనితో నొక్కి విప్పావు?

నాగావళి ఒడ్డు

ఫోటోలు పెట్టాను అన్నయ్యా. స్టీరింగు కాస్త బరువుగానే ఉంది, స్ప్రింగులు కొత్తవి కాబట్టి అనుకున్నాను. మలుపు తరువాత నేనే తిప్పుకోవాల్సి వస్తోంది. శబ్దం ఒక్కటే సమస్య అనుకుని అది రాయలేదు.

స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ ఇక్కడ అద్దెకు దొరకలేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన బైండింగ్ వైరుతో స్ప్రింగు చుట్టలను ఆరు చోట్ల కట్టి, పై నట్టు వదులు చేశాను.

బరంపురం షెడ్డు

తమ్ముడూ, ఇక మీదట ఆ నట్టును ముట్టుకోవద్దు. నేను కోపంతో అనడం లేదు, భయంతో అంటున్నాను. స్ట్రట్‌లో నాలుగంగుళాలు నొక్కుకుని కూర్చున్న స్ప్రింగు రెండు మూడు వందల కిలోల బలంతో పైకి తోస్తూ ఉంటుంది. బైండింగ్ వైరు ఇనుప కడ్డీలను పక్కపక్కన నిలపడానికి పనికొస్తుంది, అంత బలాన్ని ఆపడానికి కాదు. నేను పని నేర్చుకునే రోజుల్లో మా పక్క షెడ్డులో ఒకరు తాడు కట్టి ఇదే పని చేశారు. తాడు తెగింది, పై పళ్లెం ఎగిరి రేకుల కప్పుకు తగిలింది. ఆయన ముఖం ఒక జానెడు పక్కన ఉంది కాబట్టి బతికారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

మరతో బిగించే స్ప్రింగు కంప్రెసర్ల జత కొనుక్కో, లేదా స్ట్రట్లు మాత్రం విప్పి పట్టుకెళ్లి పార్వతీపురంలో ఏదైనా షెడ్డులో నొక్కించుకో. జత కొంటే వాటిని స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించాలి. ఒకదానికి రెండు చుట్లు, రెండోదానికి రెండు చుట్లు, అలా మారుస్తూ చేతి పానాతో బిగించాలి. గాలి ఒత్తిడితో బోల్టులు తిప్పే తుపాకీతో తిప్పవద్దు, మరలు అరిగి తెగుతాయి. స్ప్రింగు తన పళ్లెంలో వదులుగా కదిలేదాకా పై నట్టు విప్పకూడదు. తల ఎప్పుడూ స్ట్రట్‌కు ఎదురుగా ఉండకూడదు, పక్కన ఉండాలి.

ఇక ఫోటోలు. కుడివైపు మౌంటుకూ పళ్లేనికీ మధ్య నల్లని కంకణం కనిపిస్తోంది. ఎడమవైపు లేదు. అది ఎక్కడ పోయిందో వెతుకు.

పర్లాకిమిడి మాస్టారు

షెడ్డు వారు ‘తిరిగేది, తిరగనిది’ అని విడదీసి చెప్పిన తీరు చాలా బాగుంది. నేను చెప్పదలచుకున్నదీ ఇదే, ప్రతి భాగాన్నీ దాని పనితో పిలిస్తే సందేహం దానంతట అదే తీరుతుంది.

నాగావళి ఒడ్డు

దొరికింది. కిరోసిన్ పళ్లెంలో అడుగున ఉంది. ముక్కలన్నీ దుమ్ముగా ఉన్నాయని అందులో వేసి కడిగాను. కుడివైపు పగటి వెలుతురులో చేశాను, ఎడమవైపు చీకటి పడ్డాక చేశాను. ఇప్పుడు ఆరబెట్టి తిరిగి వేస్తే సరిపోతుందా?

గుణుపురం

వద్దు. కొత్తది వేయండి. కడిగితే గ్రీజు పోతుంది.

బరంపురం షెడ్డు

అవును, కొత్తదే. కిరోసిన్ లోపలి గ్రీజును కరిగించి తీసుకుపోయి ఉంటుంది, బయటి నుంచి మళ్లీ నింపడం కుదరదు. కుడివైపుది కూడా కడిగి ఉంటే రెండూ మార్చు.

విప్పినప్పుడు ఇంకొన్ని చూసుకో. స్ప్రింగు కింది కొస పళ్లెంలోని మెట్టుకు ఆని ఉండాలి, గట్టు మీద ఎక్కి కూర్చోకూడదు. స్ప్రింగు మీద అచ్చు వేసిన అక్షరాలు నిటారుగా చదవగలగాలి, అవి తలకిందులుగా ఉంటే స్ప్రింగే తలకిందులుగా ఉన్నట్టు. బ్రేకు గొట్టం, చక్రం వేగాన్ని చెప్పే ఏబీఎస్ తీగ స్ట్రట్ మీద వాటి పట్టీల్లోకి తిరిగి వచ్చాయో లేదో చూడు. నీ ఎడమ ఫోటోలో తీగ వేలాడుతోంది, చక్రం తిరిగినప్పుడు టైరు ఒరుసుకుంటుంది. బంప్ స్టాపు గురించి స్ప్రింగుల పెట్టెలో కాగితం ఏమంటోందో చదువు. కొన్ని స్ప్రింగులకు దాన్ని కొంత కోయమంటారు, కోయకపోతే చిన్న గుంతకే దాని మీద కొట్టుకుంటుంది. చక్రపు గుబ్బను మోసే ముక్కకు స్ట్రట్‌ను పట్టే రెండు బోల్టుల దగ్గర పాత గుర్తు కనిపిస్తే అక్కడికే బిగించు. బండి దిగిందంటే చక్రాలు పైభాగంలో లోపలికి వాలతాయి, చక్రాల ముందు అంచుల దిశ కూడా మారుతుంది. అందుకని అలైన్‌మెంట్ చేయించకుండా దూరం వెళ్లకు, టైరు లోపలి అంచు కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది. హెడ్‌లైట్ల దిశ కూడా సరిచేయించు.

జాకీ కింద ఏం పెట్టావు? మీ వైపు ఎర్రమట్టిలో జాకీ కుంగుతుంది. మందపాటి చెక్క పలక వెయ్యి, కారు కిందికి వెళ్లేముందు స్టాండు పెట్టు. ఇటుకల మీద నిలపవద్దు, ఇటుక పగిలేముందు చెప్పదు.

కోరాపుట్ ఘాట్

ఇప్పుడైనా పాతవి వేసుకోవచ్చు తమ్ముడూ. ఎలాగూ విప్పుతున్నావు.

జయపురం

నేనూ అదే అంటాను, కారణం వేరైనా.

నాగావళి ఒడ్డు

పాతవి వేయను. ఈ స్ప్రింగుల కోసం ఎనిమిది నెలలు డబ్బు దాచుకున్నాను. మలుపుల్లో ఒరగకుండా నిలబడే బండి నడపాలని నా కోరిక, దాన్ని తప్పుగా చూడకండి. సుంకి ఘాట్‌కు తీసుకెళ్లను, ఊళ్లోనూ పార్వతీపురం దారిలోనూ నెమ్మదిగా నడుపుకుంటాను. స్పీడు బ్రేకర్లు నాకు లెక్కతో సహా తెలుసు.

అన్నయ్యా, ఇంకొకటి అడగడం మరిచిపోయాను. వెనుక చక్రాలు గాలిలో ఉన్నప్పుడు ఎడమ వెనుక స్ప్రింగు చేత్తో పైకెత్తితే కదులుతోంది. అలాగే ఉంటుందా?

బరంపురం షెడ్డు

అలా ఉండకూడదు. నీ బండికి వెనుక స్ప్రింగు వేరుగా, షాకబ్జార్బర్ వేరుగా ఉంటాయి కాబట్టి విప్పడం తేలిక. బీము పూర్తిగా కిందికి వేలాడినా స్ప్రింగు తన చోట కాస్త బిగువుగానే ఉండాలి. కూర్చోవలసిన చోటు నుంచి జారేంత వదులు ఉంటే, చక్రం గుంతలోకి దిగినప్పుడు పక్కకు తప్పుకోవచ్చు. ఎంత కదులుతోంది? పైన రబ్బరు గిన్నె తిరిగి పెట్టావా? షాకబ్జార్బర్ కింది బోల్టు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉండగా చేశావా, గాలిలో ఉండగా చేశావా? అది గాలిలో బిగిస్తే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్షు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

పర్లాకిమిడి మాస్టారు

‘బీము’ అన్న మాటకు మన భాషలో దూలం ఉంది. వెనుక ఇరుసు దూలం అంటే అందరికీ అర్థమవుతుందని నా నమ్మకం.

కోరాపుట్ ఘాట్

మాస్టారూ, ఇరుసు ఎద్దుబండిలో రెండు చక్రాలనూ కలిపే కడ్డీ. ఇది అది కాదు కదా.

పర్లాకిమిడి మాస్టారు

రెండు చక్రాలనూ కలిపేది ఇదీ కదా నాయనా. ఎద్దుబండి ఇరుసు మెలిపడదు, ఇది మెలిపడుతుంది. తేడా అంతే.

నాగావళి ఒడ్డు (మూడు రోజుల తరువాత)

పెళ్లికి బస్సులో వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు రెండు బేరింగులు తెచ్చాను, స్ట్రట్లు అక్కడి షెడ్డులోనే నొక్కించి కూర్పించాను. శబ్దం పోయింది, స్టీరింగు తనంతట తాను నడుమకు వస్తోంది. గుణుపురం వారికి, బరంపురం అన్నయ్యకు ధన్యవాదాలు.

బరంపురం షెడ్డు

మంచిది తమ్ముడూ. వెనుక ఎడమ స్ప్రింగు సంగతి ఏమైంది? అలైన్‌మెంట్ చేయించావా?

బరంపురం షెడ్డు (వారం తరువాత)

తమ్ముడూ, వెనుక స్ప్రింగు చూశావా?