డిగ్రీలో చేరిన మా చెల్లెలికి చూపు తక్కువ: కళాశాలను ఏమేమి అడగాలి, ఎప్పుడు అడగాలి?

వంశధార తీరం (నరసన్నపేట)

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఈ ఏడాది శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర ప్రధాన పాఠ్యాంశంగా బి.ఏ.లో చేరింది. ఆమెకు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉంది. ఎదురుగా ఉన్న అక్షరాలు పెద్దవైతే నెమ్మదిగా చదవగలదు గాని, పక్కల చూపు బాగా తగ్గిపోయింది, చీకటి పడితే బొత్తిగా కనిపించదు. సదరం (వైకల్య ధ్రువీకరణ) పత్రంలో వైకల్యం 40 శాతం అని వచ్చింది. ఇంటర్మీడియట్ వరకు పక్కన కూర్చున్న స్నేహితురాలు బోర్డు మీది రాతను చదివి వినిపిస్తుంటే రాసుకుంటూ నెట్టుకొచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే ఊరిలో చదువుతోంది.

ఇక్కడి తరగతి గదిలో తెల్లబోర్డు మీద నీలం మార్కరుతో రాస్తారు. కిటికీ వెలుతురు పడి బోర్డు మెరిసిపోవడంతో మొదటి వరుసలో కూర్చున్నా ఆమెకు ఒక్క ముక్క కనబడడం లేదు. పాత కళాశాలలోని పచ్చబోర్డు, సుద్దముక్క ఆమెకు ఎంతో నయంగా ఉండేవి. కార్యాలయంలో అడిగితే మర్యాదగానే మాట్లాడారు, కాని "పరీక్షలప్పుడు రండమ్మా, చూద్దాం" అని పంపించేశారు. స్క్రైబ్ (మనం చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) కోసం, అదనపు సమయం కోసం అప్పుడే అడిగితే సరిపోతుందా, ఇప్పటి నుంచే ఏమైనా చేయాలా? పరీక్షలు కాకుండా, రోజువారీ చదువు కోసం కళాశాలను అడిగే హక్కు మాకు ఉందా? మా నాన్నగారు "ఎక్కువ అడిగితే పిల్లను వేరుగా చూస్తారు" అని వెనకాడుతున్నారు. అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

కోట జంక్షన్ (విజయనగరం)

వంశధార తీరం గారికి, నేను డిగ్రీ అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. పరీక్షా కేంద్రాలలో చీఫ్ సూపరింటెండెంటు బాధ్యతలు కూడా చూశాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను. "పరీక్షలప్పుడు చూద్దాం" అన్న మాటను నమ్ముకుని కూర్చోకండి, బాబూ. వాళ్లు చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. అయినా పరీక్షల విభాగం నడిచే తీరు తెలిసినవారెవరూ ఆ మాట మీద ఆధారపడరు. సెమిస్టర్ పరీక్షకు స్క్రైబ్ కావాలంటే సాధారణంగా విద్యార్థి దరఖాస్తు ప్రిన్సిపాల్ గారి లేఖతో విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి వెళ్లాలి, అక్కడి నుంచి వచ్చిన అనుమతి పరీక్షా కేంద్రానికి చేరాలి. చాలాసార్లు ఆ కేంద్రం మరో కళాశాలలో పడుతుంది, అక్కడ మీ చెల్లెలిని ఎరిగినవారు ఉండరు. చేతిలో కాగితం లేకుండా పరీక్ష రోజు ఉదయం వెళితే, చీఫ్ సూపరింటెండెంటుకు ఎంత దయ ఉన్నా సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం ఉండదు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండగానే గంట కొట్టేస్తారు, పిల్ల వరండాలో నిలబడి ఉంటుంది.

హక్కు ఉందా అని అడిగారు. ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. చూపు తక్కువగా ఉండడం ఆ చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఒకటి. ప్రభుత్వ నిధులు పొందే సంస్థలే కాక ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు కూడా విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేసేలా చూడాలని 16వ సెక్షన్ చెబుతుంది. పరీక్షలో అదనపు సమయాన్ని, స్క్రైబ్ సదుపాయాన్ని 17వ సెక్షన్ పేరుపెట్టి మరీ చెప్పింది. కనుక మీది ప్రైవేటు కళాశాల అయినా అడగడానికి సంకోచించనక్కరలేదు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. 2018 ఆగస్టులో కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అంధత్వం ఉన్నవారికి, రెండు చేతులూ దెబ్బతిన్నవారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే అడిగిన వెంటనే స్క్రైబ్‌ను ఇవ్వాలని ఉండేది. మిగిలిన వర్గాలవారు, అంటే మీ చెల్లెలి వంటివారు, సదరం పత్రంతో పాటు రాయడానికి స్క్రైబ్ తప్పనిసరి అని ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటు స్థాయి అధికారి ఇచ్చిన ధ్రువపత్రం కూడా చూపించాలని ఉండేది. దాని నమూనా ఆ మార్గదర్శకాల చివరనే ఉంది. సదరం ఉంది కదా అని ధీమాగా వెళ్లిన పిల్లలు ఈ రెండో కాగితం దగ్గరే ఆగిపోతారు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో దీనికోసం ఇప్పుడే తిరగడం మంచిది, ఎందుకంటే పరీక్షల ముందు అక్కడ సంతకం చేసేవారు సెలవులో ఉంటే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. 2025 ఆగస్టులో వాటి స్థానంలో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కనుక తాజా ప్రతిని తప్పక చూసుకోండి.

సమయం విషయంలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనంగా ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు అది ఒక గంట అవుతుంది. స్క్రైబ్ లేకుండా స్వయంగా రాసుకునేవారికి కూడా ఆ గంట ఇవ్వాలన్నది చాలా కేంద్రాలలో తెలియదు. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రాన్ని కూడా కోరవచ్చు. వీలైనంత వరకు దివ్యాంగులకు కింది అంతస్తులోనే పరీక్ష పెట్టాలని కూడా అందులో ఉంది.

దరఖాస్తును ఈ వారమే రాయండి. "తగిన సహాయం చేయగలరు" అని ముక్తసరిగా రాస్తే "తప్పకుండా చేస్తాం" అన్న జవాబు తప్ప మరేమీ రాదు. ఆమె ఏ గదిలో ఏది చూడలేకపోతున్నదో, దానికి బదులు ఏమి కావాలో విడివిడిగా రాయండి: బోర్డు మీద రాసేది నోటితో కూడా చదవమని, పాఠ్య సామగ్రిని ముందుగానే ఫోనుకు పంపమని, ఇంటర్నల్ పరీక్షల ప్రశ్నపత్రాన్ని 18 లేదా 20 సైజు అక్షరాలతో ముద్రించమని, సెమిస్టర్ పరీక్షల స్క్రైబ్ అనుమతికి ఇప్పుడే లేఖ పంపమని. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ఇంటర్నల్ పరీక్షలు కళాశాల సొంతంగా పెట్టేవి, వాటికి విశ్వవిద్యాలయం అనుమతి అక్కరలేదు, ప్రిన్సిపాల్ గారు ఒక్క మాట చెబితే చాలు. అక్కడ మొదలుపెడితే కళాశాలకూ అలవాటవుతుంది, మీ చెల్లెలికి ఏది సరిపోతుందో సెమిస్టర్ పరీక్షల లోపల తేలిపోతుంది.

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన భయం నాకు అర్థమైంది. కాని ఏమీ అడగని పిల్లను కూడా వేరుగానే చూస్తారు. మార్కులు తక్కువ వచ్చినప్పుడు "చదవదు" అని చూస్తారు. నా సర్వీసులో నన్ను ఎక్కువగా బాధపెట్టినది అదే.

అరసవల్లి

నాకూ చూపు తక్కువే. పి.జి. వరకు చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. మాస్టారు కాగితాల సంగతి సంపూర్ణంగా చెప్పారు కనుక నేను చదువు సంగతి చెబుతాను.

స్క్రైబ్‌తో పరీక్ష రాయడం సాధనతో వచ్చే పని. సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు మనకన్నా తక్కువ ఉండాలి కాబట్టి, మీ చెల్లెలికి ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి దొరుకుతుంది అనుకుందాం. ఆ అమ్మాయికి అనంతవర్మ చోడగంగదేవుడు అన్న పేరు గాని, శాలిహుండం, ముఖలింగం అన్న ఊళ్ల పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుతో గాని తెలియకపోవచ్చు. ప్రతి పేరునూ అక్షరం అక్షరం చెబుతూ కూర్చుంటే అదనంగా ఇచ్చిన గంట అక్కడే కరిగిపోతుంది. పాత ప్రశ్నపత్రం ఒకటి పెట్టుకుని, గడియారం చూసుకుంటూ ఇద్దరూ కలిసి ఇంట్లో రాసి చూడండి. పేరా ఎక్కడ మార్చాలి, ఏ మాట కింద గీత గీయాలి, ఏ ప్రశ్న ముందు రాయాలి అన్నవి చెప్పడం కూడా ఆమెకు అలవాటు కావాలి. ఒక్కో పేపరుకు ఒక్కో స్క్రైబ్‌ను తీసుకునే వీలు 2018 మార్గదర్శకాలలో ఉంది, ముఖ్యంగా భాషా పేపర్లకు అది ఎంతో ఉపయోగం. విశ్వవిద్యాలయమే స్క్రైబ్‌ను ఇస్తే పరీక్షకు రెండు రోజుల ముందు కలుసుకునే అవకాశం అడగండి.

పాఠ్య సామగ్రి విషయంలో ఒక చిక్కు మనవాళ్లకే ప్రత్యేకం. మన అధ్యాపకులలో చాలామంది తెలుగు నోట్సును ఇప్పటికీ "అను" అనే పాత తరహా ఫాంట్లలో టైపు చేయిస్తారు. ఆ ఫైలు కంటికి చక్కగా కనిపిస్తుంది గాని, స్క్రీన్ రీడర్‌కు (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు) అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల పోగు. జిరాక్సు కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే అదీ బొమ్మే, చదవదు. అందుచేత "సాఫ్ట్ కాపీ ఇవ్వండి" అని మాత్రమే రాస్తే చాలదు, "యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు ఇవ్వండి" అని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. యూనికోడ్ తెలుగును స్క్రీన్ రీడర్ చదవగలదు. కంప్యూటరులో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, ఆండ్రాయిడ్ ఫోనులో అలాంటిదే టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. ఆమె ఇప్పుడు పెద్ద అక్షరాలు చదవగలుగుతున్నా, వినడం ద్వారా చదవడం ఇప్పటి నుంచే అలవాటు చేయించండి. ఈ జబ్బులో చూపు క్రమంగా తగ్గుతుంది కనుక, అవసరం ముంచుకొచ్చిన రోజున కొత్తగా నేర్చుకోవడం చాలా కష్టం. ముద్రిత పుస్తకాలు చదవలేనివారి కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో కూడా ఆమె పేరు నమోదు చేయించండి.

బొబ్బిలి అమ్మ

మా అబ్బాయికి కాళ్ల బలహీనత. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. తరగతి గదిని కింది అంతస్తుకు మార్చమని అడిగినప్పుడు, కళాశాలవారు నాక్ (కళాశాలలను మదింపు చేసే జాతీయ మండలి) గుర్తింపు కోసం ఇచ్చుకున్న నివేదికను మా బంధువు ఒకరు చూపించారు. దివ్యాంగులకు ర్యాంపు, అనుకూలమైన మరుగుదొడ్డి, స్క్రైబ్, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉన్నాయా అన్న ప్రశ్నలకు కళాశాలలు అందులో సమాధానం ఇవ్వాలట. ఆ నివేదికను సాధారణంగా కళాశాల వెబ్‌సైటులోనే పెడతారు. మీ కళాశాల నివేదికలో ఉన్నాయని రాసి ఉంటే, ఆ పేజీని దరఖాస్తుకు జతచేసి, మా పాపకు వాటిని ఇప్పించండి అని అడగవచ్చు. దెబ్బలాట అక్కరలేదు.

స్కాలర్‌షిప్‌ను కూడా మరచిపోవద్దు, తమ్ముడూ. 40 శాతం, ఆపైన వైకల్యం ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. సాంకేతిక కోర్సుల పిల్లలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి) వారి సక్షమ్ స్కాలర్‌షిప్ వేరుగా ఉంది, ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు, ఆదాయ పరిమితి 8 లక్షలు. అది మీ చెల్లెలి బి.ఏ.కు వర్తించదు గాని, ఈ చర్చ చదివే ఇంకెవరికైనా పనికివస్తుందని రాస్తున్నాను. యూడీఐడీ (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు) కార్డు తీసుకోకపోతే ముందు అది తీసుకోండి.

వంశధార తీరం (నరసన్నపేట)

మాస్టారికి, మిగిలిన ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే అంశాలవారీగా దరఖాస్తు రాసి ఇచ్చి, ముద్ర వేయించుకున్నాము. ప్రిన్సిపాల్ గారు సానుకూలంగానే స్పందించారు. పచ్చబోర్డు ఉన్న గదికి ఆ తరగతిని మారుస్తామన్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒక అధ్యాపకులు పాఠ్యపుస్తకాన్ని స్కాన్ చేసి ఇవ్వడం కాపీరైటు ఉల్లంఘన అవుతుందని అంటున్నారు. అది నిజమేనా? రెండవది, చలికాలంలో చివరి పీరియడ్ అయ్యేసరికి చీకటి పడుతుంది, బస్సు కాంప్లెక్సులో బస్సు పేరు ఆమెకు కనిపించదు. దీన్ని కూడా కళాశాలను అడగవచ్చా?

అరసవల్లి

కాపీరైటు భయం అక్కరలేదు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు, దివ్యాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చి వారికి ఇవ్వడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లో చేర్చారు. సొంత చదువు కోసం అయితే చాలు. ఆ ఫైలును ఇతరులకు పంచబోమని మీ చెల్లెలి చేత రెండు వాక్యాలు రాయించి ఇవ్వండి, ఆయనకూ నిశ్చింతగా ఉంటుంది.

చివరి పీరియడ్ సంగతి కూడా తప్పక అడగండి. వేళాపట్టికలో ఆ పాఠాన్ని ముందుకు జరపడం కుదరకపోతే, ఆ నెలల్లో పది పదిహేను నిమిషాలు ముందుగా బయలుదేరడానికి, హాజరు పోకుండా, రాతపూర్వక అనుమతి ఇమ్మనండి. అదే దారిలో వెళ్లే సహవిద్యార్థిని ఎవరైనా ఉంటే ఆ ఏర్పాటు ఆమెను అడిగి, ఆమెకు ఇష్టమైతేనే చేయండి. మా వంటి వాళ్లకు తోడు దొరకడం ముఖ్యమే గాని, ఎవరి తోడు అన్నది మేము ఎంచుకోగలగడం కూడా అంతే ముఖ్యం.

చీపురుపల్లి వాసి

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా తమ్ముడికి కుడిచేతి నరాల బలహీనత. సదరంలో 30 శాతమే వచ్చింది. 40 లేకపోతే స్క్రైబ్ ఇవ్వరని అందరూ అంటున్నారు. ఇక దారి లేదా?

కోట జంక్షన్ (విజయనగరం)

దారి ఉంది. రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే జబ్బు) ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్ వేసిన కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, స్క్రైబ్ సదుపాయాన్ని 40 శాతం ఉన్నవారికే పరిమితం చేయడం సరికాదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును అనుసరించి 2022 ఆగస్టులో కేంద్రం, 40 శాతం కన్నా తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది పడేవారి కోసం వేరే మార్గదర్శకాలు విడుదల చేసింది. గంటకు 20 నిమిషాల అదనపు సమయం వారికీ ఉంది. 40 శాతం అన్నది రిజర్వేషన్‌కు, స్కాలర్‌షిప్‌కు పెట్టిన గీత, దానిని పరీక్ష గది గుమ్మానికి కూడా గీయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

కళాశాల కాదంటే కాదన్న మాటను కూడా రాతలోనే ఇవ్వమని అడగండి. ప్రభుత్వ కళాశాల అయితే ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. అక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో, లేదా జిల్లాలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వవచ్చు. మీ తమ్ముడికి కావలసిన ధ్రువపత్రాన్ని ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యుల బృందం ఇవ్వాలి. దాని నమూనా 2022 మార్గదర్శకాలకు అనుబంధంగా ఉండేది, ఇప్పుడు తాజా మార్గదర్శకాలలో చూసుకోండి. దానిని మీరే ముద్రించుకుని తీసుకువెళ్లండి, ఆసుపత్రిలో ఆ కాగితం సిద్ధంగా ఉంటుందని అనుకోవద్దు.